నడుముకు నాడ కట్టిన చోట

మార్చి చివర్ల

తాండూరు నుంచి వికారాబాద్ పోయే బస్సుల నేను కండక్టర్‌ను. ఆ రోజు పొద్దుగాల ట్రిప్పుల బస్సు అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నది. ఆడవాళ్ళకు టికెట్ ఫ్రీ అయినప్పటి సంది ఏ ట్రిప్పు చూసినా కాలు పెట్ట సందుండది. టికెట్ మిషన్ పట్టుకొని మనుషుల నడుమ నుంచి ముందటికి పోతుంటె ఒక ముసలామె నా మోచెయ్యి పట్టి ఆపింది. పక్కోళ్ళకు వినపడకుండ మెల్లగ అన్నది.

"బిడ్డా, నీ చీరెకు రక్తమంటింది."

నాకు యాభై దాటినయి. నెలసరి ఎప్పుడో బందయింది. చెయ్యి ఎనకకు పెట్టి తడుముకున్న. తడి తగిలింది గని అది కింద కాదు, నడుము కాడ, ఎడమ పక్కకు. ఆమె ఇగ ఏమడగలే. భుజం మీది తువ్వాల తీసి నా నడుము చుట్టు తిప్పి, కొసలు ఖాకీ చొక్కా కింద దోపింది. వికారాబాద్ బస్టాండుల దిగెటప్పుడు ఇయ్యబోతె తీసుకోలే.

"ఉంచుకో. దవాఖానకు పో" అన్నది. ఆమె పేరు గూడ అడగలే నేను.

ఆ జాగ నాకు కొత్త గాదు. లంగా నాడ కట్టే జాగ. పెండ్లి కాకముందు నుంచి ఆన్నే కడుతున్న. గట్టిగ బిగియ్యాలె, లేకుంటె చీరె నిలువదని మా అమ్మ నేర్పింది. కండక్టర్ నౌకరి వచ్చినంక ఇంకింత బిగిచ్చిన. రోజంత నిలబడాలె, వంగాలె, మంది నడుమ దూరాలె. చీరె జారితె పట్టుకునేటందుకు చెయ్యి ఖాళీ ఉండది. ముడి ఎడమ దిక్కు పడ్తది, దాని మీదనే పైసల బ్యాగు ఆనుతది. ఏండ్లకేండ్లు గట్ల రాసుకొని ఆడ తోలు గీత లెక్క నల్లగయింది, మందమయింది. నాకు తెల్సిన ఆడోళ్ళందరికి ఉంటది ఆ గీత. నవాబుపేట దిక్కు మా తల్లిగారింటికి పోయినప్పుడు మా అమ్మకు నీళ్ళు పోస్తుంటె చూసిన, ఆమెకు నా కంటె నల్లగుండె. అందరికి ఉండేదాన్ని రోగమని ఎవరనుకుంటరు?

రెండేండ్ల కింద అది దురద పెట్టుడు మొదలయింది. పొట్టు లేసేది. మెడికల్ షాపుల అడిగితె తామర అని ట్యూబ్ ఇచ్చిండు. రాస్తె తగ్గేది, మల్ల వచ్చేది. తర్వాత చిన్న పుండయింది. కొబ్బరి నూనె, పసుపు, పౌడరు, అన్ని అయినయి. మా గల్లీల సూదులేసే డాక్టరు పుండు చూడకుండనే గోలీలిచ్చిండు. నేను చూపిస్తె గద ఆయన చూసేది. చిటికెనేలంత పుండుకు మగాయన ముందట చీరె విప్పుడేంది అనుకున్న. చలికాలమంత అది మానలే. అంచులు లేసి గట్టిపడ్డయి. నొప్పి మాత్రం పెద్దగ లేదు. నొప్పి ఉంటె ముందుగాలనే పోయేదాన్నేమో.

ఆ రోజు డ్యూటీ దిగినంక ఇంటికొచ్చి మా బిడ్డ కీర్తనకు చూపిచ్చిన. తాండూరులనే సెల్ ఫోన్ల షాపుల పని చేస్తది. లైట్ కింద నిలబెట్టి చూసింది. ఫోన్ లైట్ గూడ ఏసి దగ్గరికి పట్టింది.

"ఏందే?" అన్న.

"అమ్మా, గిది పుండు లెక్క లేదు. గోబి పువ్వు లెక్కుంది" అన్నది.

ఏప్రిల్

వికారాబాద్‌ల చర్మం డాక్టరమ్మ ఉన్నది. చిన్న వయసే, మా కీర్తన కంటె కొంచెం పెద్దది. ఆమె క్లినిక్‌ల బయట బెంచీల మీద మొటిమలకొచ్చిన పిల్లలు, జుట్టు రాలుతున్నదని వచ్చినోళ్ళు కూసున్నరు. నేను గూడ గసొంటి పని మీదనే వచ్చినట్టు ధైర్యంగనే కూసున్న. పిలిస్తె లోపలికి పోయి చూపిచ్చిన.

డాక్టరమ్మ చేతులకు తొడుగులేసుకొని అంచుల మీద ఒత్తింది. ఆ నల్ల గీత వెంబడి వేలు పెట్టి నడుము చుట్టు తిప్పుకుంట వచ్చి, మల్ల పుండు కాడికి వచ్చి ఆగింది. తర్వాత గజ్జల్ల తడిమింది. అక్కడెందుకు తడుముతున్నదో నాకు సమజ్ గాలే.

"ఎన్నేళ్ళ నుంచి ఇక్కడే కడుతున్నారు?"

"ఎప్పటి సందో మేడం."

"ఈ పుండు మానకుండా ఎన్నాళ్ళయింది?"

"దసరా ముందటి సంది."

ఆమె ముఖం మారింది. మారకుండ ఆపుకున్నది గని నేను రోజుకు ఎన్ని ముఖాలు చూస్త బస్సుల. పైసలు లేనోళ్ళ ముఖం, దిగే స్టేజీ దాటినోళ్ళ ముఖం, అన్ని తెలుస్తయి నాకు.

మత్తు సూది ఇచ్చి చిన్న ముక్క తీసింది. పరీక్షకు పంపుతానన్నది. దేనికి పరీక్ష అని నేను అడగలే. కీర్తన అడిగింది. డాక్టరమ్మ "ముందు రిపోర్టు రానివ్వండి" అన్నది.

ఆ వారం నేను డ్యూటీకి పోయిన. డ్రైవర్ బాలయ్య అన్నతోటి ఎప్పటి లెక్కనే మాట్లాడిన. లోపల ఫికర్ లేదని గాదు. చర్మం జబ్బంటె చర్మం మీదనే ఉంటది గద, మహా అయితె కోసి కుట్లేస్తరు అనుకున్న. క్యాన్సర్ అన్న మాట నా మనసుల రాలే. నాకు తెల్సిన క్యాన్సర్లు వేరే. రొమ్ముల గడ్డ, గర్భసంచి, గుట్కా తినేటోళ్ళకు నోట్ల. నాడ కట్టే జాగల వస్తదని ఎవరు చెప్పలే.

రిపోర్టు రోజు మా ఆయన ఏసుదాసు గూడ వచ్చిండు. నాపరాళ్ళ పాలిషింగ్ ఫ్యాక్టరీల పని చేస్తడు, ఒక పూట సెలవు పెట్టి వచ్చిండు. ముగ్గురం కూసున్నం. డాక్టరమ్మ కాయితం బల్ల మీద పెట్టి, దాని దిక్కు చూడకుండ నా దిక్కు చూసుకుంట చెప్పింది.

"సుగుణ గారూ, ఇది చర్మ క్యాన్సర్. నాడా బిగుతుగా ఒకేచోట ఏళ్ళ తరబడి ఒరుసుకుని వచ్చింది. చాలా అరుదు. కానీ వస్తుంది."

నేను నవ్విన. నిజంగ నవ్వొచ్చింది నాకు. "నాడకా మేడం?" అన్న.

"అవును. నాడాకే."

ఆ తర్వాత ఆమె చానసేపు మాట్లాడింది. హైదరాబాద్ పోవాలె అన్నది, ఆపరేషన్ అన్నది, మొత్తం తీసేస్తె మంచిగయ్యే అవకాశం చాన ఉన్నదన్నది. నా చెవులల్ల మాత్రం మిషన్ టికెట్ కొట్టే చప్పుడొక్కటే వస్తున్నది. ఏసుదాసు గోడ దిక్కు చూస్తున్నడు. ఆ గోడకు ఎండల పోయేటప్పుడు పూసుకునే క్రీము బొమ్మ ఉన్నది, తెల్లటి పిల్ల నవ్వుకుంట.

"ఇది తెల్లోళ్ళకు వస్తదంటరు గద మేడం? ఎండకు?" కీర్తన అడిగింది.

"ఎండకు వాళ్ళకే ఎక్కువ. మనకు తక్కువ. కానీ మనకు వేరే దారుల్లో వస్తుంది. పాత కాలిన మచ్చల మీద వస్తుంది, ఏళ్ళ తరబడి మానని పుండు మీద వస్తుంది. అరికాలిలో, గోరు కింద నల్లమచ్చగా కూడా రావచ్చు. మనకు రాదు అనుకోవడం వల్లే ఎవరూ చూపించుకోరు. అదే చిక్కు" అన్నది డాక్టరమ్మ.

బయటికొచ్చినంక బస్టాండు దాక ముగ్గురం నడిచినం. తాండూరు బస్సెక్కితె కండక్టర్ నన్ను గుర్తుపట్టి, "ఏంది సుగుణక్కా, ఇయ్యాల సెలవా?" అన్నది. "ఆ" అన్న. ధారూరు దాటినంక మా ఆయన ఒక్క మాట అన్నడు.

"నాకెందుకు చెప్పలే?"

దాచాలని దాచింది గాదు. అంత పెద్ద ముచ్చట అనిపియ్యలే, అంతే.

ఇంటికొచ్చి అన్నం గూడ తినకుండ ఆయన బీరువా తెరిచిండు. నా లంగాలన్ని తీసి మంచం మీద ఏసిండు. ఒక్కొక్క దానికి నాడ గుంజిండు. రాళ్ళు మోసే చేతులు, ముడులు రాకుంటె పండ్లతోటి ఇప్పిండు. అన్ని ఉండ చేసి బయట కట్టెల పొయ్యిల పెట్టి అగ్గి పెట్టిండు. కీర్తన ఆపబోతె నేనే వద్దన్న. ఆయన ఆడ కూసొని అవి కాలేదాక లేవలే.

మే

మా ఆయన అక్క మణెమ్మ వదిన మా గల్లీలనే ఉంటది. మా ఇంట్ల ఏ పని అయినా ఆమె చెయ్యి పడాలె. ఆమెకు చెప్పినప్పుడు మంచిగనే మాట్లాడింది, ప్రార్థన చేద్దామన్నది. తెల్లారి వచ్చి వంటింట్ల నా గ్లాసు, నా పళ్ళెం తీసి కిటికీల పెట్టింది. నా తువ్వాల వేరే దండెం మీద ఆరేసింది.

"ఇదేం అంటుడు రోగం గాదు అత్తా" అన్నది కీర్తన.

"నాకు తెలుస్తదా ఏంది బిడ్డా. జర జాగ్రత్తుంటె ఏంబోయింది" అన్నది వదిన. తర్వాత నా పక్కన కూసొని గొంతు తగ్గిచ్చింది. "సుగుణా, బయట మాత్రం గడ్డ అని చెప్పు. పిల్లకు సంబంధాలు చూస్తున్నం. క్యాన్సర్ అంటె వచ్చేటోళ్ళు రారు."

నాకు ఆమె మీద కోపం రాలే. నేను గూడ గట్లనే అనుకుంటున్న లోపల. డిపోల గడ్డ అనే చెప్పిన. చర్చిల గడ్డకు ప్రార్థన చేయించిన. గ్లాసు సంగతి మాత్రం గుచ్చుకున్నది. నీళ్ళు తాగనీకె కిటికీ కాడికి పోయిన ప్రతిసారి నాకు నేనే కొత్త మనిషిని అనిపిచ్చేది. కీర్తన మాత్రం ఏ దినం నా గ్లాసు కిటికీల ఉండనియ్యలే. వదిన పెట్టేది, అది తెచ్చి గూట్ల పెట్టేది, దాంట్లనే తను గూడ తాగేది.

హైదరాబాద్‌ల క్యాన్సర్ దవాఖాన బయట హాలు మా బస్టాండు కంటె పెద్దగున్నది. ఒక్కొక్క నంబరు పిలుస్తుంటె మంది లేస్తరు, కూసుంటరు. ముక్కుల పైపులున్నోళ్ళు, జుట్టు లేని పిల్లలు. నా రోగం నడుముకున్నది, చీరె కట్టుకుంటె ఎవరికి కనపడది. నన్ను చూసినోళ్ళు పేషెంటుతోటి వచ్చిన మనిషనుకున్నరు. ఒకాయన "మీ పేషెంటు ఎవరమ్మా?" అని అడిగిండు గూడ. "నేనే" అంటె ఆయన సిగ్గుపడ్డడు.

నా పక్కన సేడం దిక్కు నుంచి వచ్చిన ఒకామె కూసున్నది. కన్నడమామె. తాండూరు బస్సుల తిరిగి తిరిగి నాకు ఆ మాట కొంచెం వస్తది. ఆమె భర్తకు కాలు. చిన్నప్పుడు మరిగే బెల్లం పాకం పడి కాలిందట, మచ్చ మిగిలింది, అంతే. ఆ మచ్చ మీద ముసలితనంల పుండు లేసింది. ఊర్ల ఆకులు కట్టిన్రు. ఇప్పుడు కాలు తీసెయ్యాలె అంటున్నరు. ఆ ముసలాయన కాలు ముందటికి చాపి, దాని దిక్కు చూసుకుంట కూసున్నడు, ఎవరిదో చూసినట్టు.

"ఊట ఆయ్తా?" అని ఆమె నన్ను అడిగింది. తిన్నవా అని. నేను తల అడ్డం ఊపితె సంచి ఇప్పి జొన్న రొట్టె, పల్లీల పొడి నా చేతుల పెట్టింది. ఆమె భర్త కాలు తీసెయ్యాలె అన్న దినం ఆమె నాకు రొట్టె పెట్టింది. నేను తిన్న. ఆకలికి గాదు, కాదనే ధైర్యం లేక తిన్న.

ఆడ డాక్టర్లు మల్ల గజ్జల్ల తడిమిన్రు. ఈసారి చిన్న గడ్డ తగిలిందన్నరు. క్యాన్సర్ ఆడికి పాకిందేమో చూడాలె, సూదితోటి తీసి పరీక్షకు పంపుతమన్నరు. అప్పటిదాక నడుము మీది పుండొక్కటే నా రోగం. కోసేస్తె పోతది అనుకున్న. గా మాట విన్నంక బయటికనుకొని వేరే గది దిక్కు నడిచిన. ఏసుదాసు నన్ను పట్టుకొని కూసోబెట్టిండు. పెండ్లయి ఇన్నేండ్లల్ల బయట జనం నడుమ ఆయన నా చెయ్యి పట్టుకునుడు అదే మొదటిసారి. ఇడిచిపెట్టలే. నర్సు పిలిచేదాక పట్టుకొనే ఉన్నడు.

ఆ రిపోర్టు రానీకె నాలుగు దినాలు పట్టింది. మేము ముగ్గురం ఇంటికి రాలే, దవాఖాన పక్కన సత్రంల ఉన్నం. ఆ నాలుగు దినాలల్ల నాకు యాదికొచ్చినయి అన్ని పనికిరానివే. బియ్యం డబ్బా మూత పెట్టిన్నో లేదో. మిషన్ చార్జర్ డిపోల ఇచ్చిన్నో లేదో. బాలయ్య అన్న రోజు ఫోన్ చేసేటోడు. ఏమైందని అడిగేటోడు గాదు. "ఇయ్యాల బస్సు గిట్ల లేటయింది, ధారూరు కాడ గిట్లయింది" అని బస్సు ముచ్చట చెప్పి పెట్టేసేటోడు. ఆ ముచ్చట్ల కోసం నేను ఎదురు చూసేదాన్ని.

గజ్జల్ల గడ్డ క్యాన్సర్ గాదు. పుండుకు చీము పట్టుడుతోటి వచ్చిన వాపు అన్నరు. నేను ఏడ్వలే. కీర్తన ఏడ్చింది. ఏసుదాసు బయటికి పోయి చాయ తాగి వచ్చిండు.

వానలు మొదలయినంక

పుండు చుట్టు మంచి తోలు గూడ కలిపి చాన వెడల్పు కోసిన్రు. తొడ మీది తోలు తీసి ఆడ అతికిచ్చిన్రు. నడుము కంటె తొడనే ఎక్కువ మంట పెట్టింది, అది ఎవరు ముందుగాల చెప్పలే. కోసి తీసిన ముక్కను గూడ పరీక్షకు పంపిన్రు, అంచులల్ల రోగం లేదు, మొత్తం వచ్చేసిందన్నరు. కీమో మందులు, రేడియేషన్ కరెంటు ఏమి అవసరం లేదట. చెప్పిన టైముకు వచ్చి చూపిచ్చుకోవాలె. మల్ల వస్తె ముందుగాలనే పట్టాలె గద.

డిశ్చార్జ్ దినం సర్జన్ సార్ నాకొక మాట చెప్పిండు. నల్లగీత ఉన్న ప్రతి ఒక్కరికి క్యాన్సర్ రాదు, ఊరికె భయపడొద్దు. పొట్టు లేసినా, దురద పెట్టినా నాడ వదులు చెయ్యాలె, జాగ మార్చాలె, వెడల్పు పట్టీ వేసుకోవాలె. పుండయి నెల దాటినా మానకుంటె, అంచులు గట్టిపడితె, రక్తం కారితె ఇంట్ల కూసోవద్దు అన్నడు. నేను తల ఊపిన. నాకు అన్ని అయినయి, ఒకదాని ఎనక ఒకటి, నా కండ్ల ముందట. ఒక్కటి గూడ నేను గుర్తుపట్టలే.

ఇప్పుడు నేను చీరె కట్టుడు లేదు. పంజాబీ డ్రెస్ ఏసుకుంటున్న, మెత్తటి ఎలాస్టిక్‌ది. మొదటి దినం అద్దంల చూసుకుంటె ఎవరో అనిపిచ్చింది. మా ఆయన "మంచిగుంది" అని చూడకుండనే అన్నడు. మణెమ్మ వదిన మాత్రం ఒక పొద్దు మా ఇంటికొచ్చి, నా గ్లాసుల నీళ్ళు ముంచుకొని తాగింది. తాగి గ్లాసు గూట్ల పెట్టింది.

డిపోల నాకు కొన్నాళ్ళు కూసునే డ్యూటీ ఇచ్చిన్రు. పది దినాల కింద ఆడోళ్ళ రూములకు పోయిన. ట్రిప్పు ట్రిప్పుకు నడుమ అందరు ఆడనే అన్నం తింటరు. ఆరేడుగురు ఉన్నరు.

"గడ్డ తీసేసిన్రట గద అక్కా, ఇప్పుడు మంచిగున్నవా?" అన్నది రేణుక. కుల్కచర్ల పిల్ల, నా ఎనక కొన్నేండ్లకు నౌకరికొచ్చింది.

ఔనందామనుకున్న. గదే మాట ఇన్ని నెలల సంది చెప్తున్న. నోట్లకు రాలే.

"గడ్డ గాదు రేణుకా. క్యాన్సర్" అన్న.

అందరు తినుడు ఆపిన్రు.

"ఏడ?" అన్నరెవరో.

కుర్తా పక్కకు లేపి చూపిచ్చిన. అతికిచ్చిన తోలు ఇంకా వేరే రంగుంటది, చుట్టు కుట్ల గుర్తులుంటయి. ఒకామె ముఖం తిప్పుకున్నది.

"దేనికొచ్చిందక్కా?"

"లంగా నాడకు."

ఒకిద్దరు నవ్విన్రు. డాక్టరమ్మ ముందట నేను నవ్వినట్టే. నేను నవ్వకపోయేసరికి ఆపిన్రు. అంత మొదటి నుంచి చెప్పిన. ట్యూబ్ సంగతి, గోబి పువ్వు సంగతి, గజ్జల్ల సూది సంగతి చెప్పిన. బయట బస్సు రివర్స్ పోతున్న చప్పుడు వచ్చింది.

రేణుక లేసింది. చేతులు కడుక్కొని వచ్చి, తలుపుకు గొళ్ళెం పెట్టింది. గోడ దిక్కు తిరిగి చీరె కుచ్చిళ్ళు తీసింది. ఆమెను చూసి ఇంకొకామె లేసింది.

అందరికి ఉన్నది గీత. కొందరికి సన్నగ, కొందరికి వేలంత మందం. రేణుకకు ముడి కింద చిన్న పుండు. లంగా గుడ్డ దానికి అతుక్కొని ఉంటె నీళ్ళు చల్లి ఊడదీసిన.

"ఎన్నాళ్ళయిందే?"

"ఎండకాలం సంది. చెమటకనుకున్న" అన్నది.

మరుసటి దినమే ఆమెను వికారాబాద్‌కు, ఆ డాక్టరమ్మ కాడికే తోలుకపోయిన. పుండు చిన్నది, క్యాన్సర్ కావచ్చు, కాకపోవచ్చు అన్నదామె. ముక్క తీసి పంపింది. ఇయ్యాల సాయంత్రం రేణుక ఫోన్ చేసింది. రిపోర్టు వచ్చిందట, రేపు రమ్మన్నరట.

"అక్కా, నువ్వు వస్తవా?" అన్నది.

"పొద్దుగాల బస్సుకే పోదాం."

మల్ల రేణుకనే అడిగింది. "డాక్టరమ్మ నీకు ముందుగాల చెప్తదా, నాకు చెప్తదా?"

"నీకే చెప్తది. నేను పక్కన కూసుంట" అన్న.